ఐ7 అని ఉంటే చాలా? పాత ప్రాసెసర్లు, కొత్త ప్రాసెసర్లు

 

ఈ మధ్య వచ్చిన వాయిస్ మెసేజ్‌లలో ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. "అన్నా, సెలవు మీద ఊరికి పోతున్న. బిడ్డ డిప్లొమా చదువుతుంది, ల్యాప్‌టాప్ తీస్కపోవాలె. సెకండ్‌హ్యాండ్ ఐ7 600 దిర్హమ్‌లకు ఇస్తమంటున్నరు. కొత్త ఐ3 అయితే 1200 చెప్తున్నరు. ఐ7 అంటే పెద్దది కదా, అదే తీస్కోనా?"

నేను సాఫ్ట్‌వేర్ మనిషిని కాదు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, ఇక్కడ సైట్ మీద సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నా. కాకపోతే సైట్ ఆఫీసులో డ్రాయింగులు తెరవాలన్నా, అప్‌డేట్ పడి ఆగిపోయిన కంప్యూటర్‌ని మళ్లీ లేపాలన్నా మాదే పని. అలా తెలుసుకున్నదే చెప్తున్నా. 600 దిర్హమ్‌లంటే మన హెల్పర్ తమ్ముళ్లలో చాలామందికి సగం నెల జీతం. తెలుసుకుని ఖర్చు పెట్టాల్సిన డబ్బే అది.

ముందుగా ఒకటి. ఐ3, ఐ5, ఐ7 అనేవి కొలతలు కావు. ఆ ఏడాది బ్యాచ్‌లో ఎవరికి ఏ ర్యాంకు అని చెప్పేవి, అంతే. ఏ బ్యాచ్ అన్నది పక్కనున్న నంబరు చెప్తుంది. ఐ7-6600యు అంటే మొదటి అంకె 6, ఆరో తరం. ఐ5-8250యు ఎనిమిదో తరం. ఐ3-1215యు అంటే మొదటి రెండు అంకెలు కలిపి 12, పన్నెండో తరం. చివర్లో 'యు' ఉంటే కరెంటు తక్కువ తాగే రకం, పల్చటి ల్యాప్‌టాప్‌లలో పెట్టేది.

ఇప్పుడు ఈ మూడింటినే పక్కపక్కన పెడదాం. 2015లో వచ్చిన ఐ7-6600యులో ఉన్నవి రెండే కోర్లు. పేరుకే ఐ7. అదే తరంలో 'హెచ్‌క్యూ' అని ఉండే ఐ7లకి నాలుగు కోర్లుండేవి, కానీ అవి బరువైన ల్యాప్‌టాప్‌లు, షాపుల్లో తక్కువ కనిపిస్తాయి. 2017లో వచ్చిన ఐ5-8250యుకి నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు. 2022 నాటి ఐ3-1215యుకి ఆరు కోర్లు: రెండు పెద్దవి, నాలుగు చిన్నవి. కోరు అంటే గోడ మీద పనిచేసే మేస్త్రీ అనుకోండి. థ్రెడ్లంటే ఆ మేస్త్రీ ఖాళీగా నిలబడకుండా రెండు వైపుల నుంచీ ఇటుక అందించడం. ఇద్దరు మేస్త్రీలున్న గ్యాంగుకి, ఆరుగురున్న గ్యాంగుకి తేడా మీకు నేను చెప్పాలా?

షాపువాడు ఇంకో మాట చెప్తాడు, గిగాహెర్ట్జ్. "3.4 ఉంది భాయ్, ఫుల్ స్పీడ్." ఐ7-6600యు గరిష్ఠ స్పీడు 3.4. ఐ5-8250యుది కూడా సరిగ్గా 3.4. మరి రెండూ ఒకటేనా? కాదు. పాస్‌మార్క్ అనే పరీక్షలో ఆ ఐ5 ఈ ఐ7 కన్నా ఒకటిన్నర రెట్లకు పైగా చేస్తుంది. పన్నెండో తరం ఐ3 అయితే దాదాపు మూడు రెట్లు.

అసలు గిగాహెర్ట్జ్ అనేది మేస్త్రీ నిమిషానికి ఎన్నిసార్లు వంగి లేస్తున్నాడన్న లెక్క. వంగినప్పుడల్లా ఒక ఇటుక పెడుతున్నాడా, మూడు పెడుతున్నాడా అన్నది దాంట్లో కనిపించదు. ఇంటెల్ 2004లోనే 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4 అమ్మింది. నాలుగు గిగాహెర్ట్జ్‌ది తెస్తామని చెప్పి, ఆ ఏడాదే మానుకుంది. వేడి తట్టుకోవడం కష్టమైపోయింది. ఆ తర్వాతి నుంచి కంపెనీలన్నీ వంగడం పెంచడం కన్నా మేస్త్రీలని పెంచడం, ఒక్కో వంగుడికి పెట్టే ఇటుకలు పెంచడం మీద పడ్డాయి. అందుకే తరం వేరైతే గిగాహెర్ట్జ్‌తో పోల్చకండి.

వేడి గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి: ఇక్కడ ఏళ్ల తరబడి వాడిన ల్యాప్‌టాప్ ఫ్యాన్‌లో ఇసుక దుమ్ము పేరుకుంటుంది. వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే స్పీడు తగ్గించుకుంటుంది. షాపులో రెండు నిమిషాలు చూసి రాకండి. ఒక వీడియో పెట్టి, పది నిమిషాలు నడిపించి, ఫ్యాన్ చప్పుడు వినండి.

స్పీడు కన్నా పెద్ద సమస్య ఇంకోటుంది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. విండోస్ 11కేమో ఇంటెల్‌లో, ఒకటీ అరా మినహాయిస్తే, ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. ఆరో తరం ఐ7 ఆ జాబితాలో లేదు. కొన్ని షాపుల్లో అడ్డదారిన విండోస్ 11 వేసి ఇస్తారు, నడుస్తుంది కూడా. కానీ దానికి అప్‌డేట్లు వస్తాయని మైక్రోసాఫ్ట్ హామీ ఇవ్వదు. మీరు తిరిగి ఇక్కడికొచ్చాక అక్కడ పరీక్షల ముందు అది మొండికేస్తే ఫోన్‌లో మీరు చేయగలిగింది ఏమీ ఉండదు. లినక్స్ వేసుకుంటే పాతది ఇంకా కొన్నేళ్లు హాయిగా నడుస్తుంది, కానీ కాలేజీలో అడిగేవి ఎక్కువగా విండోస్ సాఫ్ట్‌వేర్లే.

అలాగని కొత్తదంతా మంచిదని కూడా కాదు. సీలు విప్పని డబ్బాలో చవగ్గా దొరికే సెలెరాన్ ఎన్4020 ఉంది చూడండి, దానికి రెండు కోర్లు, రెండే థ్రెడ్లు. మనం ఇందాక వద్దన్న పాత ఐ7 కూడా దాన్ని దాటిపోతుంది. ఏఎండీ వాళ్లది మరో తిరకాసు. రైజెన్ 5 7520యు అంటే 7000 సిరీస్, 2022 చివర్లో వచ్చింది. లోపల ఉన్నది మాత్రం 2019 నాటి జెన్ 2 డిజైన్. ఆ సిరీస్‌లో మూడో అంకె చూడాలి: 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4.

ఇక ఆ అన్న ప్రశ్నకి నా జవాబు. 1200 పెట్టగలిగితే పన్నెండో తరం ఐ3 తీసుకోండి, బిడ్డ డిప్లొమా అయ్యేదాకా ఢోకా ఉండదు. 600 దాటలేను అంటే ఆ ఐ7 వదిలేసి, అదే ధరకి ఎనిమిదో తరం ఐ5 వెతకండి. బర్ దుబాయ్‌లో ఖాలిద్ బిన్ వలీద్ రోడ్డు వైపు పోతే నాలుగు షాపులు తిరిగి అడగొచ్చు. ఏదైనా సరే 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉండాలి. పాత హార్డ్ డిస్క్ ఉంటే ఎంత మంచి ప్రాసెసరైనా దాని కోసం కాచుకుని కూర్చోవాల్సిందే, మెటీరియల్ రాని సైట్ లాగా.

స్టిక్కర్ నమ్మకండి, స్టిక్కర్లు అతికించడం ఎంతసేపు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు బటన్లూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కండి. ప్రాసెసర్ పూర్తి పేరు, ఎన్ని కోర్లు, అన్నీ అక్కడే ఉంటాయి. షాపువాడు చూడనివ్వకపోతే బయటికి వచ్చేయండి.

ఊరికి తీసుకెళ్లేటప్పుడు కస్టమ్స్ గురించి భయపడేవాళ్లు అడుగుతున్నారు. పద్దెనిమిదేళ్లు నిండిన ప్రయాణికుడు ఒక ల్యాప్‌టాప్ డ్యూటీ లేకుండా తీసుకెళ్లొచ్చు. రెండోది తీసుకెళ్తేనే లెక్కలు మొదలవుతాయి. బిల్లు మాత్రం జేబులో పెట్టుకోండి.

కొనే ముందు అనుమానం ఉంటే ఆ సీపీయూ స్క్రీన్ ఫొటో తీసి మన నంబరుకి పంపండి. ధర కూడా రాయండి. సాయంత్రం ఏడు తర్వాతే చూస్తా, అప్పటిదాకా సైట్ మీద ఫోన్ తీయడం కుదరదు.