కెమెరాలో టైమ్ ఎంత చూపిస్తోంది? నాలుగు కెమెరాల సెటప్, మా గొర్రెల దొడ్డి కథ

పోయిన ఎపిసోడ్ కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఊర్లో అమ్మానాయన ఇద్దరే ఉంటారు, నాలుగు కెమెరాలు పెట్టించాలనుకుంటున్నా, ఏది కొనాలి?" చెప్తా. కానీ ముందు ఒక పని చేయండి. ఇంట్లో ఆల్రెడీ కెమెరాలు ఉన్నవాళ్ళు ఈ వీడియో ఆపి, మీ కెమెరా యాప్ తెరవండి. బొమ్మ మూలన చిన్న అంకెలు ఉంటాయి, తారీఖు, టైమ్. అది మీ ఫోన్ టైమ్‌తో కలుస్తోందా? చూసి రండి, నేనెక్కడికీ పోను.

చూశారా? కలిస్తే మంచిది. మా ఇంట్లో కలవలేదు. ఎనిమిది నెలలు ఎవ్వరం చూసుకోలేదు.

మాది గట్టు. తెలియనివాళ్ళకి, గద్వాల జిల్లాలో కర్ణాటక సరిహద్దు పక్కన ఉంటుంది. కృష్ణ, తుంగభద్ర రెండు నదుల మధ్యలో ఉన్న నేల కాబట్టి మా ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. నదులు రెండున్నాయని నీళ్ళు బాగుంటాయనుకోకండి, అది వేరే ఎపిసోడ్. మా దిక్కు సీడు పత్తి, గొర్రెలు. మా నాయనకి గొర్రెలున్నాయి, ఇంటి పక్కనే దొడ్డి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేసేటప్పుడు, ఊర్లో రాత్రిపూట కారేసుకొచ్చి గొర్రెల్ని ఎత్తుకుపోతున్నారని మాటలు వినబడ్డాయి. నేను ఆన్‌లైన్‌లో నాలుగు కెమెరాల సెట్ తెప్పించి, శని ఆదివారాల్లో ఊరికి పోయి, నా చేతులతో నేనే బిగించిన. గేటుకి ఒకటి, వాకిట్లో ఒకటి, దొడ్డికి ఒకటి, వెనక సందుకి ఒకటి. బీటెక్ చదివినం కదా, ఇంకొకర్ని ఎందుకు పిలవాలి అని.

ఎనిమిది నెలల తర్వాత ఒకరోజు పొద్దున్నే నాయన ఫోన్. "రెండు పొట్టేళ్ళు లేవురా." నేను ఆఫీస్ క్యాబ్‌లో కూర్చునే యాప్ తెరిచి, దొడ్డి కెమెరా పెట్టి, రాత్రి పన్నెండు నుంచి రెండు దాకా లాగిన. 1:10కి దొరికింది. మా వెనకింటి పిల్లగాడు దొడ్డిలోకి వచ్చి, ఒక పొట్టేలుకి తాడేసి నడిపించుకుపోతున్నాడు. మొహం సాఫ్‌గా కనబడుతోంది. ఆ రెండు గంటల క్లిప్పు డౌన్‌లోడ్ చేసి నాయనకి పంపిన. "వీడే" అని రాసిన కింద.

మా అమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు. "వాడు రాత్రి నేను పండుకునే ముందే వచ్చి అడిగి తీసుకపోయిండురా. వాళ్ళ పొట్టేలు మన మందల కలిసిందంట. నేనే తీసుకపో బిడ్డా అన్న." నేనేమన్నానో తెలుసా? "అమ్మా, నువ్వు పండుకునేది పదిన్నరకి. ఇది ఒంటిగంటకి. ఒకసారి అడిగి తీసుకపోయిండు, మళ్ళ వచ్చి నీకు తెల్వకుండ తీసుకపోయిండు." అమ్మ ఇంకేం అనలేదు. మా నాయన కట్ట మీద పెద్దమనుషుల ముందు ఫోన్ చూపించి "మా ఇంజనీరు చూసిండు" అన్నాడంట. ఆ పిల్లగాడి నాయన ఇరవై వేలు తప్పు కట్టాడు. పిల్లగాడు ఇంటర్ చదువుతున్నాడు అప్పుడు. వారం తిరక్కుండానే హైదరాబాద్‌లో పనికి పోయాడని విన్న. పోతే పోయాడులే అనుకున్న.

మూడు వారాలకి పండక్కి ఊరికి పోయిన. పొద్దున్నే మెలకువొచ్చింది, ఇంకా సరిగా తెల్లారలేదు. చాయ్ తాగుకుంటూ మానిటర్ చూస్తున్నా. వాకిట్లో మా అమ్మ కళ్ళాపి చల్లుతోంది, వెనక ఆకాశం అప్పుడే ఎర్రబడుతోంది. మూలన టైమ్ 8:34. నా ఫోన్‌లో 6:04.

రెండున్నర గంటలు. ఫ్రెండ్స్, మనది గ్రీన్‌విచ్ టైమ్ కంటే అయిదున్నర గంటలు ముందు, చైనాది ఎనిమిది గంటలు ముందు. డబ్బా ఫ్యాక్టరీ నుంచి చైనా టైమ్ జోన్‌తో వచ్చింది. బిగించేటప్పుడు నేను మార్చలేదు. విచిత్రం ఏంటంటే అది ఇంటర్నెట్ నుంచి రోజూ టైమ్ సరిచేసుకుంటూనే ఉంది, సెకను తప్పకుండా బీజింగ్ టైమ్ చూపిస్తోంది. తెరమీద 1:10 అంటే మా ఊర్లో 10:40. మా అమ్మ పండుకునే టైమ్.

అప్పుడు పరిగెత్తిన, ఆ రాత్రి మిగతా రికార్డింగ్ చూద్దామని. లేదు. హార్డ్ డిస్క్‌లో పదకొండు రోజులదే ఉంటుంది, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ పోతుంది. నా దగ్గర ఉన్నదల్లా నేను దించుకున్న ఆ రెండు గంటలు. అసలు దొంగలు కూడా ఆ డిస్క్‌లో ఉండే ఉంటారు, తెల్లారేలోపు ఎప్పుడో. నేను చూడలేదు. దొంగ దొరికాడు కదా, ఇంకెందుకు చూడాలి అనుకున్న.

ఇరవై వేలు తీసుకుని వాళ్ళింటికి పోయిన. దాని గురించి చివర్లో చెప్తా. ఇప్పుడు సెటప్‌లోకి పోదాం, లేకపోతే ఈ వీడియో మొత్తం ఇట్లనే ఏడుపు మీదే పోతుంది.

మొదటిది, పదకొండు రోజులు ఎందుకు? లెక్క చాలా తేలిక, రాసుకోండి. ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి సుమారు 2 మెగాబిట్లు రాస్తుందనుకోండి. బిట్లు, బైట్లు కాదు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. రోజుకి 86,400 సెకన్లు. గుణించి ఎనిమిదితో భాగిస్తే ఒక్క కెమెరాకి రోజుకి 21.6 జీబీ. నాలుగింటికి 86 జీబీ పైన. ఒక టీబీ డిస్క్ అంటే వెయ్యి జీబీ, పదకొండున్నర రోజులు. అంతే. మెనూలో హెచ్ 264 బదులు హెచ్ 265 పెట్టి, బిట్‌రేట్ సగానికి తగ్గిస్తే ఇరవై మూడు రోజులు వస్తుంది, బొమ్మలో పెద్ద తేడా కనబడదు. నేనైతే 2 టీబీ తీసుకోమంటా. కంప్యూటర్‌లో పాత డిస్క్ ఉంది అది పెట్టేస్తా అనకండి, ఆగకుండా రాసే పనికి నిఘా డిస్కులని విడిగా వస్తాయి. మన రాష్ట్రంలో 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం ప్రకారం జనం ఎక్కువగా వచ్చే దుకాణాలు, హాళ్ళు 30 రోజుల రికార్డింగ్ ఉంచాలి. ఇళ్ళకి ఆ రూల్ లేదు గానీ, 30 రోజులు మంచి లెక్క. మూడు వారాలకి ఊరికి పోయేవాడికి ఇంకా మంచి లెక్క.

"డిటెక్షన్ మీద పెట్టుకుంటే ఎక్కువ రోజులొస్తాయి కదా అన్నా?" వస్తాయి. కానీ మా దొడ్డి కెమెరా ముందు వేపకొమ్మ ఉంది. గాలికి కొమ్మ ఊగినా అలర్టే, కుక్క పోయినా అలర్టే. రాత్రికి రెండు వందల అలర్టులు వస్తే మూడోరోజు మీరే నోటిఫికేషన్లు ఆపేస్తారు. రికార్డింగ్ ఇరవై నాలుగ్గంటలూ నడవనివ్వండి, అలర్ట్ మాత్రం గేటు వరకు గీత గీసి పెట్టుకోండి.

లెన్స్ గురించి ఎవరూ అడగరు, డబ్బులు పోయేది అక్కడే. సెట్‌లో వచ్చేవి ఎక్కువగా 2.8 మిల్లీమీటర్ల లెన్సులు. వాకిలి మొత్తం కనబడుతుంది, చూడగానే వావ్ అంటాం. కానీ తెలియని మనిషి మొహం గుర్తుపట్టాలంటే బొమ్మలో మీటరు వెడల్పుకి 250 పిక్సెల్స్ పడాలని ఒక లెక్క ఉంది. 2 మెగాపిక్సెల్ బొమ్మ వెడల్పు 1920 పిక్సెల్స్. లెక్కేస్తే 2.8 లెన్స్‌తో మూడు మీటర్ల దాకా, అంటే పది అడుగులు. ఆ తర్వాత మనిషి కనబడతాడు, ఎవరో తెలియదు. 6 మిల్లీమీటర్ల లెన్స్ అయితే ఎనిమిది మీటర్ల దాకా మొహం తెలుస్తుంది, కానీ చూపు సన్నగా ఉంటుంది. అందుకే వాకిలికి 2.8, గేటుకి 6. ఎత్తు ఎనిమిది తొమ్మిది అడుగులు చాలు. మేడ మీద నుంచి పెడితే టోపీలు, నడినెత్తులు తప్ప ఏం రావు.

కేబుల్. మామూలు డీవీఆర్ కెమెరాలకి త్రీ ప్లస్ వన్ కేబుల్ అంటారు షాపుల్లో, బొమ్మకి ఒక తీగ, కరెంటుకి తీగలు కలిసి వస్తాయి. ఐపీ కెమెరాలైతే నెట్‌వర్క్ కేబుల్, ఒకే వైరులో కరెంటూ డేటా, వంద మీటర్ల దాకా పోతుంది. పాత ఇంటికి, తక్కువ ఖర్చుకి డీవీఆర్ చాలు. ఒక్క జాగ్రత్త. 12 వోల్ట్‌ల కరెంటు దూరం పోయేకొద్దీ పడిపోతుంది. పగలు బాగానే ఉంటుంది, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలగగానే కరెంటు ఎక్కువ లాగి బొమ్మ ఎగురుతుంది, లేదంటే కెమెరా ఆగి మళ్ళీ మొదలవుతుంది. "కెమెరా పాడైంది" అని వాపసు పంపేస్తారు పాపం. పాడైంది కెమెరా కాదు, సన్నపు వైరు. దూరం కెమెరాకి దగ్గర్లోనే విడిగా అడాప్టర్ పెట్టండి.

కరెంటు పోతే? డీవీఆర్, నాలుగు కెమెరాలు, రూటర్ అన్నీ కలిపి యాభై వాట్లకి అటూ ఇటూ, ఒక సీలింగ్ ఫ్యాన్ అంత. ఇన్వర్టర్ లైన్‌లో వేయండి. రూటర్‌ని మర్చిపోతారు చాలామంది. అది ఆగిపోతే రికార్డింగ్ అవుతుంది గానీ మీ ఫోన్‌కి ఏం రాదు.

డబ్బాని టీవీ కింద పెట్టకండి. దొంగకి కూడా తెలుసు డీవీఆర్ అంటే ఏంటో, దాన్నే సంకనేసుకుని పోతాడు. మాది ఇప్పుడు బియ్యం డ్రమ్ముల వెనక అల్మారాలో, గాలి తగిలేట్టు ఉంది.

పాస్‌వర్డ్. 2016 అక్టోబర్ 21న అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి ఆగిపోయాయి. మిరాయ్ అనే ప్రోగ్రామ్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలు, డీవీఆర్‌లు, రూటర్లలోకి దూరి, అన్నిటితో ఒకేసారి దాడి చేయించింది. పాస్‌వర్డ్ మార్చండి, బిగించినతన్ని "రాసుకుని పెట్టుకో అన్నా" అనకండి. ఇంట్లోవాళ్ళకి చూడటానికి మాత్రమే వేరే యూజర్ ఇవ్వండి. ఇక కంపెనీ. 2025 ఏప్రిల్ 9 నుంచి మన దేశంలో అమ్మే సీసీటీవీ కెమెరాలకి ప్రభుత్వ భద్రతా పరీక్ష తప్పనిసరి చేశారు. ఆ సర్టిఫికెట్ ఉన్న మోడల్ ఏదైనా సరే, గద్వాలలోనో వనపర్తిలోనో రిపేర్ చేసే మనిషి దొరికేది తీసుకోండి. నాకు కంపెనీలేం డబ్బులివ్వవు.

ఏదైనా జరిగితే ముందు క్లిప్పు కాదు, ఆ రాత్రి మొత్తం, నాలుగు కెమెరాలదీ పెన్‌డ్రైవ్‌లో దించండి. తర్వాత చూడండి. కేసు అయితే వాట్సాప్‌లో పంపిన వీడియోతో పని కాదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఆ రికార్డింగ్‌తో ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, ఏ పరికరం, ఎవరి చేతిలో ఉంది, ఫైల్ హ్యాష్ ఎంత అని. పోలీసులకి ఇచ్చేటప్పుడు డీవీఆర్ టైమ్‌కీ అసలు టైమ్‌కీ తేడా ఎంతో రాసి ఇవ్వండి. తేడా ఉండటం నేరం కాదు, చెప్పకపోతేనే కష్టం. మెనూలో టైమ్ జోన్ ప్లస్ 5:30 పెట్టండి, నెట్ నుంచి టైమ్ తీసుకునే ఎన్‌టీపీ ఆన్ చేయండి. నెట్ లేని ఇంట్లో డబ్బా లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోతే తారీఖు ఎక్కడికో వెనక్కి పోతుంది, అది కూడా చూసుకోండి.

సరే, ఇరవై వేల సంగతి. వాళ్ళింటికి పోతే పిల్లగాడి నాయన మంచం మీద కూర్చోమన్నాడు. విషయం చెప్పిన. టైమ్ జోన్ అంటే ఏంటో చెప్పబోయిన, నాకే సిగ్గనిపించి ఆపిన. ఆయన డబ్బులు లెక్కపెట్టలేదు, పక్కన పెట్టాడు. "కట్ట మీద చెప్పినవ్ కదా, కట్ట మీదనే చెప్పు" అన్నాడు. మా నాయన, నేను పోయి అందరి ముందూ చెప్పినం. పిల్లగాడికి ఫోన్ చేస్తే "సరే అన్నా" అని పెట్టేశాడు. ఆ ఏడు పరీక్షలు రాయలేదు. మా అమ్మ వాళ్ళమ్మతో మాట్లాడుతోంది ఇప్పుడు, మునుపట్లా కాదు గానీ మాట్లాడుతోంది.

నెల తర్వాత ఆయనే మా వాకిట్లోకొచ్చి, తెర చూపించమన్నాడు. వెనక సందు కెమెరాలో వాళ్ళ గడప, గడప ముందు నీళ్ళ తొట్టి అన్నీ కనబడుతున్నాయి. చాలాసేపు చూశాడు. "మా గడప కనబడొద్దు" అన్నాడు. మెనూలో ప్రైవసీ మాస్క్ అని ఉంటుంది ఫ్రెండ్స్, వీడియో సెట్టింగుల్లో. కెమెరా నంబర్ ఎంచుకుని, మౌస్‌తో ఎక్కడ గీస్తే అక్కడ నల్లటి డబ్బా వస్తుంది, ఆ భాగం రికార్డ్ కూడా కాదు. ఆయన ముందే గీసిన. "ఇంకొంచెం ఇటు" అన్నాడు, తొట్టి దాకా జరిపిన.

స్క్రీన్ మీద ఆ మెనూ చూపిస్తున్నా చూడండి. మీ డబ్బాలో పేరు వేరేగా ఉంటే మోడల్ నంబర్ కామెంట్ పెట్టండి, చూసి చెప్తా. ఉంటా మరి.