రేవు వెలుపల నిలిచిన ఓడలు

విశాఖపట్నం సముద్రతీరాన సాయంకాలం కూర్చున్నవారికి దూరాన లంగరు దించి నిలిచిన ఓడలు కనిపించడం మామూలే. “అవి లోపలికి రావేం?” అని పిల్లలు అడుగుతారు. “చోటు లేదు” అంటాము. ఆ జవాబు సగమే నిజం. చాలినంత శక్తి ఉన్న రేవు ముందర కూడా ఓడలు బారులు తీరుతవి. కారణం తెలియడానికి ఒక పాచిక, కాగితం, పెన్సిలు చాలును.

మన రేవులో ఒకటే బెర్తు ఉన్నదనీ, ఒక ఓడ బొగ్గు దింపడానికి ఒక రోజు పడుతుందనీ అనుకుందాము. దినానికొకసారి చొప్పున పాచిక వేయండి. ఒకటి గాని రెండు గాని పడితే ఆనాడు ఓడ రాదు. మూడు, నాలుగు, అయిదు పడితే ఒక ఓడ; ఆరు పడితే రెండు. సగటున ఆరు రోజులకు వచ్చేవి అయిదు ఓడలే. అయినా రెండు మాసాల లెక్క వేసి చూడండి. ఆరు వెంటవెంట పడిన వారాన ఓడలు బయట నిలిచిపోతవి. మరొకనాడు ఓడే లేక బెర్తు ఊరకుంటుంది. ఊరకపోయిన ఆ దినాన్ని రేపటికి దాచుకొనలేము. చిక్కంతా అక్కడున్నది.

కోపెన్‌హాగెన్ టెలిఫోను సంస్థలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో టెలిఫోను పిలుపులను గురించి ఈ గణితానికే పునాది వేసినాడు. రాకలూ, దింపుడు కాలమూ రెండూ అనిశ్చితమైన ఒంటి బెర్తు రేవును తీసుకొనండి. బెర్తు సగం కాలం పనిలో ఉంటే, ఓడ సగటున ఒక దింపుడు కాలమంత వేచి ఉంటుంది. పదింట ఎనిమిది వంతులైతే నాలుగింతలు, తొమ్మిది వంతులైతే తొమ్మిదింతలు! బెర్తుకు తీరికే లేదనడం రేవు నివేదికలో ఘనతే కావచ్చు. డెమరేజి కట్టేవారి చిట్టాలో కాదు.

డబ్బుతో పోయే నష్టమైతే సరే. ఆస్ట్రేలియాలో న్యూకాసిల్ బొగ్గురేవు వెలుపల 2007 జూన్‌లో యాభైకి పైగా ఓడలు వంతుకై వేచి ఉండినవి. 8వ తేదీన తుపాను రేగినది. బొగ్గు కోసం ఖాళీగా వచ్చిన ‘పాషా బల్కర్’ ఒడ్డెక్కినది. నావికులను హెలికాప్టర్లలో తీసుకొనివచ్చిరి. ఓడ తిరిగి నీట తేలేసరికి జూలై వచ్చినది.

మనం పాచికతో రెండు మాసాలు ఆడిన ఆటను కంప్యూటరు వేల సంవత్సరాలకు ఆడగలదు. పోటుపాట్లు, క్రేనుల మరమ్మత్తులు, ఆలస్యమైన గూడ్సు బండ్లు అన్నీ అందులో చేర్చవచ్చును. మరొక బెర్తు కట్టవలెనా, మరొక క్రేను చాలునా, లేక దారిలో ఉన్న ఓడకే “మీ వంతు ఫలానా దినం, మెల్లగా రండి” అని కబురంపితే సరిపోవునా అన్నది, కాంక్రీటు పోయకముందే అడిగి చూడవచ్చును.