ముల్కీ పత్రము



నేడు పరదేశమున పాఠము చెప్పబోవువానికి వీసా యెట్టిదో, నిజాము రాజ్యమున సర్కారు కొలువునకు ముల్కీ పత్రమట్టిది. 1919 నాటి ఫర్మానా మేరకు బయటివాడు ముల్కీ యగుటకు 15 ఏండ్లు ఇచ్చట స్థిరముగా నివసించి, వెనుకటి ఊరికి మరలు తలంపు విడిచితినని మేజిస్ట్రేటు ఎదుట ప్రమాణపత్రము వ్రాయవలెను. పుట్టినూరిని కాగితముపై విడుచుట యెంత కష్టము!

1948 పిమ్మట పై ప్రాంతముల ఉపాధ్యాయులు పెక్కుమంది వచ్చిరి. దొంగ పత్రములతో కొలువులు పొందుచున్నారని 1952లో వరంగల్లు విద్యార్థులు ఆందోళనకు దిగిరి. సెప్టెంబరులో హైదరాబాదున కాల్పులలో ప్రాణములు పోయెను. దొంగ పత్రము ఇచ్చటి చదువరి నోటికూడు తీయును. నిజముగా 15 ఏండ్లున్న పంతులునుగూడ అనుమానము పాలుచేయును.

ఆ నిబంధనలు 1973 నాటి చట్టముతో రద్దయ్యెను. వీసా కట్టుబాట్లు మాత్రము నిలిచియున్నవి. అమెరికాలో హెచ్-1బి వీసాపై నున్న పంతులు బడి మారవలెనన్న క్రొత్త బడివారే అర్జీ పెట్టవలెను. కొలువు పోయినచో గడువు 60 దినములకు మించదు.