నేను చూచిన రంగూను

మా గోదావరి పల్లెలలో పూర్వము రంగూనును 'రంగం' అనేవారు. "మావాడు రంగం పోయినాడు" అంటే, మనియార్డరు వస్తుందనీ, మనిషి ఎప్పుడు వస్తాడో తెలియదనీ అర్థం. మా తాతగారు అట్లా వెళ్ళినవారే. రేవులో బియ్యపు బస్తాలు మోసినారు. 1942లో జపాను సైన్యం సమీపించగా అరకాను కొండలు దాటి నడిచి వచ్చినారు. అంతకు మించి ఆయన చెప్పలేదు, మేము అడుగలేదు. 1989 నుండి యాంగోన్ అని వ్యవహరిస్తున్న ఆ నగరంలో 2018 డిసెంబరులో నాలుగు దినాలు ఉన్నాను.

నడిబొడ్డున సూలే పగోడా. 1852 యుద్ధం తరువాత ఆంగ్లేయులు దాని చుట్టూ గళ్ళు గీచినట్లు వీధులు వేసినారు. పెక్కు వీధులకు పేర్లు లేవు, సంఖ్యలే. ఇరుకు వీధులలో ప్రతి అంతస్తు నుండి ఒక త్రాడు నేలదాకా వ్రేలాడుతున్నది. ఉదయాన పత్రికలవాడు వచ్చి, త్రాటి చివరనున్న క్లిప్పుకు పత్రిక తగిలించి లాగినాడు. పైన గంట మ్రోగినది. పత్రిక మేడమీదికి లేచిపోయినది. మెట్లెక్కలేని మన ముసలివారికి ఈ ఉపాయం ఎందుకు తట్టలేదో!

మోటారులు మాత్రం నన్ను భయపెట్టినవి. 1970లో అక్కడి ప్రభుత్వం వాహనాలను ఎడమ నుండి కుడికి మార్చినది. కాని నేనెక్కిన కారుకు చక్రం ఇంకా కుడివైపుననే ఉన్నది. ముందున్న బస్సును దాటవలెనంటే డ్రైవరుకు ఎదురుదారి కనబడదు. ప్రక్కనున్న నేను తొంగిచూచి చెప్పవలసి వచ్చినది.

మూడువందల అడుగులకు మించిన ష్వేడగాన్ పగోడా బంగారాన్ని నేను వర్ణించను. నన్ను నిలిపినది దాని పాదాన చుట్టూ ఉన్న వారాల మూలలు. ఎవరు పుట్టిన వారం వారిది. బుధవారాన్ని రెండుగా చీల్చి, మధ్యాహ్నాన్ని రాహువుకు ఇచ్చినారు. చెక్కిళ్ళకు గంధం వంటి లేపనం పూసికొన్న ఒకామె నా వారమడిగి, శనివారమనగానే నాగుని మూలకు తీసికొనిపోయి నీళ్ళు పోయించినది. ఆ లేపనాన్ని అక్కడ 'తనఖా' అంటారు. ఆ మాట వినగానే నాకు మాత్రం రంగం ప్రయాణానికి పొలం కుదువపెట్టిన ఇండ్లే గుర్తుకు వచ్చినవి.

మూడవనాడు నదీతీరానికి పోయినాను. 1931 జనగణన నాటికి ఈ నగరంలో సగానికి పైగా భారతీయులే. రేవుకూలీలలో ఎక్కువమంది తెలుగువారు. కోరంగి రేవు పేరున వారిని 'కోరంగీలు' అనేవారు. 1930 మే నెలలో వారు సమ్మె చేయగా, ఆ పనిలో బర్మీయులను పెట్టుకొన్నారు. సమ్మె తీరగానే వీరిని పొమ్మన్నారు. పొట్టకొట్టినవారిని విడిచి, పేదలు పేదలమీద పడినారు. ఎందరో చనిపోయినారు. తాతగారి మౌనం నాకు అక్కడ కొంత అర్థమైనది. ఇప్పుడు పలకల మీదుగా బస్తాలు మోస్తున్నవారు బర్మీయ యువకులు. మెడ వంచి, ఒక చేయి నడుమున ఆనించి నడిచే ఆ తీరు మా యింటి ధాన్యపు కొట్టు దగ్గర నేను చూచినదే.

ప్రక్కనున్న టీ దుకాణంలో పొట్టి పీటమీద కూర్చున్నాను. ఒక వృద్ధుడు చాలసేపు నన్ను చూచి, "బాబూ, తెలుగోరా?" అన్నాడు. ప్రాణం లేచివచ్చినది. ఆయన అక్కడే పుట్టినవాడు. 1964లో ప్రభుత్వం దుకాణాలను జాతీయం చేసినప్పుడు బంధువులందరూ ఓడలెక్కినా, తండ్రి కదలలేదట. తాతది టెక్కలి ప్రక్కన ఒక చిన్న వూరట, పేరు చెప్పినాడు. నేను విననిది.

"అక్కడ ఏరుందా బాబూ? ఏరు దాటి వచ్చానని తాత చెప్పేవాడంట."

తెలియదన్నాను. చూచి వ్రాస్తానని చిరునామా అడిగినాను. ఆయనకు తెలుగు వ్రాయరాదు. బర్మీయ లిపిలో వ్రాసి ఇచ్చినాడు. ఆ గుండ్రని అక్షరాలు కొంచెం దూరాన పెట్టి చూస్తే మనవే అనిపించినవి.

వేసవిలో ఆ వూరు వెళ్ళినాను. ఏరున్నది, నీరు లేదు. ఇసుక మాట ఎత్తక, ఏరున్నదని వ్రాసినాను.