తెగని పడిశము - ముక్కు నరమునకు నూతన చికిత్స
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



కడచిన శిబిరమున సభ్యులొకరు మమ్ములను ప్రక్కకు పిలిచి ఒక సంగతి అడిగిరి. వారి కుమారునకు ఏడాది పొడుగునా ముక్కు నీరుగా కారుచుండును. పట్టణమున ముక్కులోని నరమును గడ్డకట్టించి నయము చేయుదురని ఎవరో చెప్పిరట. "నరమును చంపినచో కన్ను పోదు గదా? రెండు గేదెలను అమ్మవలసి వచ్చును, అమ్మవచ్చునా?" అని వారి ప్రశ్న. ఆనాడు తొందరలో ఏదో చెప్పితిమి. నేడు సావకాశముగా చెప్పెదము.

మామూలు పడిశము వారము దినములలో పోవును. నెలల తరబడి విడువనిది వేరు. అది ముక్కు లోపలి పొర వాపు. ముక్కును తడిగా ఉంచుటకు కొన్ని నరములు కలవు. ఈ వ్యాధిలో అవి పొయ్యి పొగకు, మిరప ఘాటుకు, చలిగాలికి సైతము అతిగా చలించి నీటిని వదలుచుండును.

1961లో గోల్డింగ్-వుడ్ అను ఆంగ్ల వైద్యుడు వీడియన్ నరమును కోయు శస్త్రచికిత్సను వివరించెను. ముక్కు కారుట తగ్గెను. కాని కంటికి తడినిచ్చు పోగులును ఆ నరముననే పోవుచుండుటచే పలువురకు కన్ను పొడిబారెను. కన్ను పోవుననుట నిజము కాదు గాని, మన సభ్యుని భయమునకు మూలము లేకపోలేదు.

కాలువల సంగతి మీకు మాకంటె బాగుగా తెలియును. పెద్దకాలువకు అడ్డుకట్ట వేసినచో దిగువ చేలన్నియు ఎండును. పిల్లకాలువ తూము మూసినచో ఆ ఒక్క మడికే నీరాగును. నూతన చికిత్స ఈ తూము మూయుట వంటిది. కంటి పోగులు విడిపోయిన పిదప ముక్కు వెనుక భాగమున ప్రవేశించు చిన్న కొమ్మలను మాత్రమే అది తాకును. వైద్యుడు ముక్కుకు మత్తుమందు పెట్టి, సన్నని గొట్టమును లోనికి పంపి, దాని కొనను నైట్రస్ ఆక్సైడుచే అతిశీతలము చేయును. లేదా రేడియో తరంగములచే సుమారు 60 డిగ్రీల వేడి పుట్టించును. బయట కోత లేదు. రోగి మెలకువగానే ఉండవచ్చును.

ఫలితమెట్టిది? 2021 ప్రాంతమున ప్రచురితమైన పరీక్షలలో కొందరకు నిజ చికిత్సయు, కొందరకు పేరునకు మాత్రము చికిత్సయు చేసి పోల్చిరి. మూడు మాసములకు నిజ చికిత్స పొందినవారిలోనే ఎక్కువ మందికి మేలు కనిపించెను. అయినను అందరకు కాదు. కొందరకు కొన్నాళ్లు తలనొప్పియో, అంగిటి తిమ్మిరియో కలుగును. నరము మరల పెరిగి వ్యాధి తిరుగబెట్టవచ్చును. ముక్కు దూలము వంకరను ఇది సరిచేయదు; పడని వస్తువు పడకుండుటను మాన్పదు.

కావున గేదెల మాట. ఇప్పుడే అమ్మవద్దు. ఆ యువకుడు ఇంతవరకు మందును సరిగా వాడనే లేదని విచారించగా తెలిసినది. వైద్యుడు వ్రాసిన స్టెరాయిడు స్ప్రేను రెండు దినములు కొట్టి, గుణము లేదని మానివేసెనట. అది ప్రతిదినము, వారముల తరబడి వాడవలసిన మందు. తల కొంచెము వంచి, నడిమి దూలము వైపు గాక బయటి గోడ వైపునకు కొట్టవలెను. కాచి చల్లార్చిన నీటిలో ఉప్పు కలిపి ముక్కు కడుగుటయు మంచిదే. దుకాణమున దొరకు దిబ్బడ చుక్కలు మాత్రము ప్రమాదకరము. కొద్ది దినములు మించి వాడినచో అవియే దిబ్బడను పెంచును. ఏండ్ల తరబడి ఆ సీసాను జేబున పెట్టుకొని తిరుగువారిని మేము ఎరుగుదుము.

ఇన్ని చేసినను నీరు కారుట తగ్గనివారు చెవి, ముక్కు, గొంతు నిపుణునికి చూపి, అప్పుడు ఈ చికిత్సను గూర్చి అడుగవచ్చును. ఇది ప్రతి ఆసుపత్రిలో లభించునది కాదు. తలకు దెబ్బ తగిలిన పిదప ఒక ప్రక్కనే తేటనీరు కారినను, ముక్కు నుండి మాటిమాటికి రక్తము వచ్చినను జాగు చేయరాదు. అది పడిశము కాకపోవచ్చును.

ఇక పంచాయతీ చేయదగినది ఒకటి కలదు. బాటల వెంటను, బడి ఆవరణలందును పెరుగు వయ్యారిభామ పుప్పొడి అనేకులకు ముక్కు వ్యాధి తెచ్చును. అది పూయక ముందే పెరికించవలెను. పెరుకువారి చేతులకు తొడుగులు ఇప్పించుడు. ఆ మొక్క తగిలినచో చర్మము దద్దురులెక్కును.