విరమణ తరువాత చేతికో పని: చెక్క ఓడలు
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





స్కాలర్‌షిప్పుల లెక్కలు, హాస్టల్ ఖర్చులు కార్యదర్శి గారు వివరంగా చెప్పారు. మమ్మల్ని మాత్రం ఆ ఓడల సంగతి చెప్పమన్నారు. వేదిక పక్క బల్ల మీద ఉన్న ఓడను వచ్చేటప్పుడు మీలో చాలామంది చూసే ఉంటారు. దానిని చేసినది మేమే. మేము అయిదుగురం, అందరం ఉపాధ్యాయులమే. ముగ్గురు పదవీ విరమణ చేశారు, ఇద్దరం ఇంకా సర్వీసులో ఉన్నాం. మన రాష్ట్రంలో 2022 జనవరి నుంచి విరమణ వయసు 62 ఏళ్లయింది కాబట్టి మా ఇద్దరికీ ఇంకా కొంత గడువుంది. అయినా ముందుగానే ఈ పనిలో చేరాం. ఎందుకు చేరామో చెబుతాం.

ఉపాధ్యాయుడికి రిటైర్మెంట్ రోజున దండలు, శాలువాలు ఉంటాయి. మరుసటి సోమవారం పొద్దున తొమ్మిది గంటలకు ఏమీ ఉండదు. ముప్పై అయిదేళ్లు గంట కొడితే లేచి, గంట కొడితే కూర్చున్న మనిషికి ఆ నిశ్శబ్దం చాలా బరువు. మాలో ఒకరు లెక్కల మాస్టారు. విరమణ అయిన ఏడాదికే ఇంట్లోవారు అల్లాహ్ సన్నిధికి చేరారు. పిల్లలు దూర దేశాల్లో ఉన్నారు. నమాజుకు మసీదుకు వచ్చేవారు, సలాం చేసేవారు, వెళ్లిపోయేవారు. మేము ఇంటికి వెళితే టీవీ నడుస్తూ ఉండేది గాని ఆయన దానిని చూస్తున్నట్టు ఉండేది కాదు. "ఏం సార్, ఎలా ఉన్నారు?" అంటే, "ఉన్నాం భాయ్, రోజు గడుస్తోంది" అనేవారు. ఆ మాటే మమ్మల్ని భయపెట్టింది. ఆయన మా అందరికన్నా తెలివైనవారు. ఆయనకే ఇలా అయితే రేపు మన సంగతేమిటి అనుకున్నాం.

ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని ప్రవక్త (స) హెచ్చరించిన సంగతి మీకు తెలుసు. ఉద్యోగంలో ఉండగా తీరిక విలువ తెలియలేదు. తీరిక దొరికాక దానితో ఏం చేయాలో తెలియలేదు.

ఓడలే ఎందుకని అడుగుతారు. మనం ఉన్నది బందరులో. గోల్కొండ సుల్తానుల కాలంలో ఈ రేవు నుంచి ఎర్ర సముద్రానికి, మోఖా, జిద్దా వైపు ఓడలు నడిచాయి. సరుకుతో పాటు హజ్ యాత్రికులూ వాటిలో వెళ్లారు. 1611లో ఇంగ్లీషువారు ఇక్కడ వర్తక స్థానం పెట్టింది కూడా ఈ రేవు పేరు విన్న తరువాతే. గోదావరి మీదుగా దిగివచ్చిన కలపతో నరసాపురం దగ్గర పెద్ద ఓడలు కట్టేవారు. ఈ పాఠం చెప్పినప్పుడు హాస్టల్ పిల్లవాడొకడు, "సార్, ఆ ఓడ ఎలా ఉండేది?" అని అడిగాడు. మా దగ్గర జవాబు లేదు. పుస్తకంలో బొమ్మ కూడా లేదు. మన భాషలో మాటలు మాత్రం మిగిలాయి. లంగరు, సరంగు, కళాసీ. పార్సీ, ఉర్దూల మీదుగా ఈ తీరానికి వచ్చి స్థిరపడిన మాటలవి.

ఆ కాలపు ఓడకు నమ్మదగిన ప్లాను మాకు దొరకలేదు. అందుచేత ఇప్పటికీ బతికి ఉన్న సంప్రదాయాన్ని పట్టుకున్నాం. కేరళలో కోజికోడ్ దగ్గర, చాలియార్ నది సముద్రంలో కలిసే చోట బేపూరు ఉంది. అక్కడ ఉరు అనే పెద్ద చెక్క ఓడలు కడతారు. గల్ఫ్ దేశాలవారు వాటిని కొంటారు. వేసవి సెలవుల్లో మాలో ఇద్దరం వెళ్లి చూశాం. కట్టేది వడ్రంగి మేస్త్రీలు. కట్టిన ఓడను దొర్లుడు దుంగలు, తాళ్లు, కప్పీలతో నీళ్లలోకి దించేది మాప్పిళ్ల ముస్లిం కళాసీలు. కాగితం మీద ప్లాను లేకుండా పెద్ద మేస్త్రీ కంటి కొలతతోనే పని సాగుతుంది. ముందు బయటి పలకలు కూర్చి, తరువాత లోపలి పక్కటెముకలు అమరుస్తారు. మాకు అంత విద్య లేదు. మేము నమూనాలు చేసేవారి పద్ధతిలో, ముందు లోపలి చట్రం పెట్టి దాని మీద బద్దలు అతికిస్తాం.

ఇక పని ఎలా ఉంటుందో చెబుతాం. మా స్కేలు 1:50. నిజమైన ఓడ 30 మీటర్లు ఉంటే మాది 60 సెంటీమీటర్లు వస్తుంది. ఇటలీ, స్పెయిన్ కంపెనీల కిట్లు ఉన్నాయి గాని వాటి ధర పెన్షనర్లకు సరిపడదు. కర్రల అడితిలో మిగిలిపోయిన టేకు ముక్కలు తెచ్చి, మిల్లులో ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంతో బద్దలు కోయించుకుంటాం. సన్న రంపం, చిన్న ఉలి, ఆకురాయి, ఉప్పుకాగితం, ఫెవికాల్, నూలు దారం, బట్టల క్లిప్పులు, ఇవే మా సామాను. ఓడ అడుగున వెన్నెముకలా ఉండే కీల్‌కు అడ్డపలకలు నిలబెడితే చేప ముల్లులా చట్రం తయారవుతుంది. బద్దలను అరగంట నీళ్లలో నానబెట్టి, మెల్లగా వంచి, చట్రానికి అతికించి, ఆరేదాకా క్లిప్పులతో పట్టి ఉంచాలి.

మా మొదటి ఓడ పాడైపోయింది. దానికి రెండు కారణాలు, రెండూ మా తొందరే. ఉత్సాహంలో ఒక పక్క బద్దలన్నీ అతికించేశాం. ఆరిన తరువాత చూస్తే కీల్ ఆ పక్కకు గుంజుకుపోయి ఓడ వంకర తిరిగింది. ఎడమ ఒకటి అతికిస్తే కుడి ఒకటి అతికించాలని అప్పుడు తెలిసింది. రెండోది, ముక్కు దగ్గరికి వచ్చేసరికి బద్దలు ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. ఎందుకలా అవుతోందో మా నలుగురికీ అర్థం కాలేదు.

ఆ వంకర ఓడను తీసుకుని లెక్కల మాస్టారి ఇంటికి వెళ్లాం. నిజం చెప్పాలంటే అప్పటిదాకా ఆయనను ఈ పనికి రమ్మని మూడుసార్లు పిలిచాం. మూడుసార్లూ తల అడ్డంగా ఊపారు. ఈసారి రమ్మనలేదు. ఓడను బల్ల మీద పెట్టి, "సార్, తప్పెక్కడో చెప్పండి" అన్నాం. ఆయన కళ్లద్దాలు పెట్టుకున్నారు. దారంతో రెండు చోట్ల కొలిచారు. నడుమ భాగంలో కీల్ నుంచి పై అంచు దాకా 120 మిల్లీమీటర్లు, ముక్కు దగ్గర 72. "బద్ద వెడల్పెంత?" అన్నారు. అయిదన్నాం. "నడుమ 24 బద్దలు పడతాయి. ఆ 24 ముక్కు దాకా వెళ్లాలంటే అక్కడ ఒక్కొక్కటీ 3 మిల్లీమీటర్లే ఉండాలి. మీరు సన్నం చేయకుండా అతికించారు. ఏడో తరగతి లెక్కయ్యా ఇది!" అని కోప్పడ్డారు. ఆయన కోప్పడి రెండేళ్లయింది. మాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం. మరునాడు అసర్ నమాజు తరువాత ఆయనే వచ్చి, ప్రతి బద్దకూ కొలతలు రాసిన కాగితం చేతిలో పెట్టారు. ఆయన ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు.

బల్ల మీద ఉన్నది ఆ కాగితం ప్రకారం కట్టిన ఓడ. ఆదివారాలు పధ్నాలుగు నెలలు పట్టింది. మొదటి వంకర ఓడను కూడా పారేయలేదు. హాస్టల్ పిల్లలకు ముందు దానినే చూపిస్తాం. మాస్టారు కూడా తప్పు చేస్తాడని, తప్పును కొలిచి దిద్దుకోవచ్చని చెప్పడానికి అంతకంటే మంచి పాఠ్యపరికరం మాకు దొరకలేదు. భిన్నాలంటే భయపడే పిల్లలు బద్దలు కొలుస్తూ నిష్పత్తి నేర్చుకుంటున్నారు.

పెద్దలు కొందరు మూడు అభ్యంతరాలు చెప్పారు. అవి న్యాయమైన ప్రశ్నలే.

మొదటిది, "ఈ వయసులో బొమ్మలేమిటండీ?" అని. ఓడ ప్రాణి రూపం కాదు. పాత ఐరోపా ఓడల ముక్కున మనుషుల, సింహాల శిల్పాలు ఉంటాయి. అలాంటివి మేము చేయం. నూహ్ (అలైహిస్సలాం) ఓడను పలకలతో, మేకులతో చేసినదిగా దివ్య ఖుర్‌ఆన్ ప్రస్తావించింది. దావూద్ (అలైహిస్సలాం) తన చేతి కష్టంతోనే తిన్నారని హదీసులో విన్నాం. చేతిపనిలో చిన్నతనం లేదు.

రెండోది డబ్బు. స్పష్టంగా చెబుతున్నాం, దీనికి జకాత్ సొమ్ము ఒక్క రూపాయి కూడా వాడలేదు, వాడకూడదు కూడా. జకాత్‌కు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు. ఇప్పటిదాకా అయిన ఖర్చు మా అయిదుగురి జేబుల్లోంచి నెలకు మనిషికి రెండు వందలు.

మూడోది కాలం వృథా. దీనికి చరిత్రలోంచి ఒక సంగతి చెబుతాం. నెపోలియన్ యుద్ధాల్లో పట్టుబడిన ఫ్రెంచి ఖైదీలను ఇంగ్లాండులో నార్మన్ క్రాస్ వంటి చోట్ల ఏళ్ల తరబడి ఉంచారు. 1797లో తెరిచిన శిబిరం అది. వారిలో కొందరు భోజనంలో మిగిలిన ఎముకలను అరగదీసి చిన్న చిన్న ఓడలు చేసి అక్కడి సంతలో అమ్ముకున్నారు. అవి నేటికీ మ్యూజియాల్లో ఉన్నాయి. అన్నీ పోయిన మనిషికి కూడా చేతిలో పని ఉంటే రేపటి మీద ఆశ ఉంటుంది. మన ఇళ్లలో పెద్దవారు ఖైదీలు కారు. అయినా పిలిచేవారు లేక నాలుగు గోడల మధ్య ఉండిపోతున్నవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. సొసైటీ వితంతువులను, అనాథలను చూస్తోంది. వీరినీ కాస్త చూడాలని మా మనవి.

ఇబ్బందులు కూడా దాచం. మాలో ముగ్గురికి షుగర్ ఉంది. చిన్న కోత పడినా మానడం ఆలస్యం కాబట్టి బ్లేడు ఎప్పుడూ చేతికి ఎదురుగా నడపకూడదని నియమం పెట్టుకున్నాం. టేకు పొడి ఒంటికి, ఊపిరితిత్తులకు పడదు. మాస్కు తప్పనిసరి. ఇప్పుడు మేము పని చేసేది ఒకరి ఇంటి వసారాలో. వెలుతురు చాలదు. వానొస్తే చెక్క చెమ్మగిల్లుతుంది.

అందుచేత దాతలను కోరేది ఇంతే. హాస్టల్ వెనుక ఖాళీగా ఉన్న పాత గదికి గాలి, వెలుతురు వచ్చేలా రెండు కిటికీలు, రెండు పొడవాటి బల్లలు, మంచి దీపాలు, పనిముట్లకు తాళం వేసే బీరువా. ఇది సదఖా సొమ్ముతో, వేరే ఖాతాలో జరగాలి. ఈ ఓడను ఎవరైనా తీసుకుని ఇచ్చే మొత్తం పూర్తిగా పిల్లల పుస్తకాల నిధికి పోతుంది. అందులో మాకు వాటా లేదు.

డబ్బు ఇవ్వలేనివారు మరొకటి ఇవ్వవచ్చు. మీ ఇంట్లో విరమణ చేసిన నాన్నగారో, మామయ్యగారో, అన్నయ్యో ఉంటే ఆదివారం అసర్ తరువాత ఒక్కసారి తీసుకురండి. ఓడ కట్టడం నేర్పుతామని చెప్పకండి. "మాస్టార్లు ఎక్కడో లెక్క తప్పారట, మీరొచ్చి చూడాలట" అని చెప్పండి. వస్తారు. అబద్ధం కూడా కాదు, మేము రోజూ ఎక్కడో ఒకచోట తప్పుతూనే ఉంటాం.

రెండో ఓడకు చట్రం నిలబెట్టాం. ఎడమ పక్క ఒక బద్ద, కుడి పక్క ఒక బద్ద పడ్డాయి. ఇన్షా అల్లాహ్, వచ్చే ఏడాది సమావేశానికి అది కొత్త గదిలోంచి రావాలని దుఆ చేయండి.