చెప్పులూ, బ్యాగూ: సొగసుకు సుఖం తోడు

పెళ్లికి కొత్త హీల్స్ కొంటున్నారా? సాయంత్రం పూట వెళ్లండి. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది. అప్పుడు సరిపోయిన జతే రాత్రి రిసెప్షన్‌లోనూ సరిపోతుంది. "వాడగా వాడగా సాగుతాయండీ" అనే షాపువాళ్ల మాట నమ్మకండి. మడమ ఎత్తు పెరిగేకొద్దీ ఒంటి బరువు మునివేళ్ల వైపు జరుగుతుంది. అందుకే సన్నని హీల్ కంటే వెడల్పుది నయం, అడుగంతా నిండుగా ఉండే వెడ్జ్ ఇంకా నయం. 1930లలో ఇటలీలో చెప్పుల అడుగున వాడే ఉక్కు దొరక్క, చెప్పుల డిజైనర్ ఫెరగామో కార్క్‌తో వెడ్జ్ చెప్పులు చేశాడు. కరువు పుణ్యమా అని పాదాలకు సుఖం దక్కింది!

ఇక బ్యాగు. 1955లో ఫ్యాషన్ డిజైనర్ కోకో షనెల్ దానికి భుజానికి తగిలించుకునే గొలుసు పెట్టి చేతులకు తీరిక ఇచ్చింది, బరువు మాత్రం భుజానికి చేరింది. వెడల్పు పట్టీ ఉన్నది ఎంచుకోండి, భుజం మారుస్తుండండి. ముందు అందులోని పాత బిల్లులూ చిల్లరా తీసేయండి.